కొత్త పాటలు విననన్న అన్న

మేమంతా ఇష్టపడే బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చిన శుక్రవారం పొద్దున, మా వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు మాట్లాడాల్సిన మనిషి "నేను ఇన" అని రెండు మాటలు రాసి ఊరుకున్నాడు.

ఆ రెండు మాటలు నాకు మొదట అర్థం కాలేదు. ఇంకా వినలేదని రాయబోయి మధ్యలో వదిలేశాడేమో అనుకున్నాను. గ్రూపులోనే ఉన్న కేసముద్రం తమ్ముడికీ అదే అనుమానం వచ్చింది. ఇంకా వినలేదా, అసలే వినవా అని అడిగాడు. "అసలే ఇన" అని జవాబు వచ్చింది. అంటే, వినను అని. ఆ తర్వాత రోజంతా ఆయన గ్రూపు వైపే రాలేదు.

ఆ గ్రూపులో ఉన్నది ఐదుగురం. హన్మకొండ చౌరస్తా దగ్గర నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఎవరైనా చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ వెతికి ఇవ్వడం నా పని. మెడలో టేపు, చేతిలో కత్తెరతో నిలబడ్డ నన్ను చూసి, ముప్పై ఏళ్లుగా ఈమె ఒక విదేశీ రాక్ బ్యాండు అభిమాని అని ఎవరూ అనుకోరు. నేనూ చెప్పను. చెబితే, గవేం పాటలు, అరుపులు గదా అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేనూ అదే అన్నాను.

అది డిగ్రీ రెండో సంవత్సరం. క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది కాజీపేట. వాళ్ల నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. వాళ్ల అన్న అప్పుడే అసిస్టెంట్ డ్రైవర్‌గా చేరాడు. గూడ్సు బండి మీద బల్లార్షా దాకా పోయి, అక్కడి రన్నింగ్ రూములో పడుకుని, ఇంకో బండి పట్టుకుని తిరిగి వచ్చేవాడు. ఆ రన్నింగ్ రూములో నాగపూర్ డ్రైవర్ ఒకాయన ఇతనికి ఒక క్యాసెట్ ఇచ్చాడు. దానికి డబ్బా లేదు, పైన కాగితం లేదు. ఎవరు పాడుతున్నారో కూడా తెలియదు. అన్న దాన్ని రైల్వే క్వార్టర్ ముందుగదిలో ఇనుప పెట్టె మీద ఉన్న టేప్ రికార్డర్‌లో పెట్టాడు. మేమిద్దరం నోట్సు రాసుకోవడానికి అక్కడే కూర్చున్నాం.

నాకు భయం వేసింది. ఇంత గోలలో పాట ఎక్కడుందో దొరకలేదు. ఆపమని అడుగుదామంటే పరాయి ఇల్లు. అన్న నా మొహం చూసి నవ్వాడు. పాడేవాణ్ని వదిలేయమన్నాడు. కింద లావు తీగల గిటారు ఒకటి నడుస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకో, మిగిలినవన్నీ దాని మీద నిలబడతాయి అన్నాడు. నేను రెండు మూడు సార్లు పోగొట్టుకుని, నాలుగోసారి పట్టుకున్నాను. పట్టుకున్నాక ఆ గోల గోలగా లేదు. ఒక ఇంట్లో ఏ గది ఎక్కడుందో తెలిసినట్టయింది. ఆ నెలంతా నోట్సు వంక పెట్టుకుని వాళ్లింటికి పోయాను.

బ్యాండు పేరు మాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇక్కడ ఆ పేరు రాయను. మా ఐదుగురి మధ్య దాన్ని ఎప్పుడూ బ్యాండు అనే అన్నాం. నా స్నేహితురాలు పెళ్లై ఖమ్మం పోయింది. అన్న పెద్ద బండ్ల డ్రైవరయ్యాడు. ఒకసారి కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఆ బ్యాండు బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్న కుర్రాణ్ని చూసి, ఇంజన్ దిగి మరీ పలకరించాడట. అతనే కేసముద్రం తమ్ముడు. ఇప్పుడు అక్కడి మార్కెట్‌లో పత్తి, మక్కల వ్యాపారం చేస్తాడు. ఐదో మనిషి హన్మకొండలో పిల్లలకు గిటారు నేర్పే సారు. మాలో వాయించడం తెలిసింది ఆయనొక్కడికే, కాబట్టి మాటకు బరువెక్కువ. అయినా పాటల గురించి ఏ తగాదా వచ్చినా చివరికి అందరం అన్న ఏమంటాడా అనే చూసేవాళ్లం. ఏ పాటలో ఎక్కడ ఏ వాయిద్యం లేస్తుందో అతనికి స్టేషన్ల వరసలా నోటికి వచ్చు.

ఆ బ్యాండు వాళ్లకు డెబ్బై దాటాయి. ఎన్నో ఏళ్లుగా కొత్త పాట లేదు. ఇక రాదనే అనుకున్నాం. ఒకరోజు ఆల్బమ్ వస్తోందని వార్త తెలిసినప్పుడు గ్రూపులో అందరికంటే ఎక్కువ సంబరపడింది అన్నే. అలాంటి మనిషి, తీరా పాటలు వచ్చాక విననన్నాడు.

శుక్రవారం నేను దుకాణం తెరిచి, గిరాకీ మొదలయ్యేలోపు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం పది పాటలూ విన్నాను. నచ్చాయో లేదో తెలియలేదు. గొంతు అదే, కానీ ఒకప్పుడు సాగదీసి పాడే చోట ఇప్పుడు మాట్లాడుతున్నట్టు ఆపేస్తున్నాడు. గిటార్లు మెత్తబడ్డాయి. మూడో పాట దగ్గర ఎందుకో మళ్లీ వెనక్కి పోయి విన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

గ్రూపులో మాత్రం చెప్పగలవాళ్లు ఉన్నారు. గిటారు సారు మధ్యాహ్నానికల్లా పెద్ద ఉత్తరమే రాశాడు. గొంతు పోయింది, పాటలన్నీ శ్రుతి రెండు మెట్లు కిందికి దించి పాడించారు, ఇది అభిమానుల మీద దయతో ఆపేయాల్సిన పని అన్నాడు. కేసముద్రం తమ్ముడికి ఒళ్లు మండింది. డెబ్బై దాటినవాళ్లు డెబ్బై దాటినట్టు పాడకపోతే ఎట్ల పాడుతారని అడిగాడు. పత్తి కాంటా దగ్గర నిలబడి తొమ్మిదో పాట వింటే కళ్లల్లో నీళ్లు తిరిగాయని, హమాలీలు చూశారని రాశాడు. ఖమ్మం నుంచి నా స్నేహితురాలు, ఒక్క పాట బాగుంది, మిగతావి వంట చేస్తూ వినడానికి పరవాలేదు అంది. సారుకు అది కూడా తన వైపు మాటలాగే కనిపించింది. శనివారం దాకా ఇదే నడిచింది. ఇద్దరూ మధ్య మధ్యలో, అన్న వింటే తెలుస్తుంది, అన్నను చెప్పమనండి అని రాస్తూనే ఉన్నారు. అన్న పలకలేదు.

నాకు ఆల్బమ్ కంటే ఇదే ఎక్కువ పట్టుకుంది. అంత ఇష్టపడ్డవాడు ఎందుకు విననంటాడు? బ్యాండు మీద కోపమా? సారు రాసింది చదివి భయపడ్డాడా? అలా అనుకుందామంటే సారు రాయకముందే ఇతను వద్దన్నాడు. ఒంట్లో బాగోలేదా? ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఈ మధ్య ఆయన ఫోన్ ఎత్తడం తగ్గించాడన్న సంగతి అప్పుడే తట్టింది. ఏది అడిగినా మెసేజే పెడుతున్నాడు. ఆదివారం దుకాణం మధ్యాహ్నం దాకే. తాళం వేసి ఆటో ఎక్కి కాజీపేట పోయాను.

రిటైరయ్యాక అన్న రైల్వే క్వార్టర్ వదిలి, ఆ దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గల్లీ మొదట్లో ఆటో దిగేసరికే పాట వినిపించింది. బ్యాండు పాటే. మా డిగ్రీ రోజుల నాటి క్యాసెట్‌లోది. అంటే పాటలు మానలేదు. గేటు దగ్గర బెల్లు కొట్టాను. ఎవరూ రాలేదు. ఇంకోసారి కొట్టాను. వెనక పెరట్లోంచి వదిన వచ్చి తలుపు తీసి, ఆయనకు వినపడదు లోపలికి రమ్మంది. పాట గోలలో వినపడలేదంటోంది అనుకున్నాను.

అన్న నన్ను చూసి సంతోషంగానే లేచాడు. పాట ఆపాడు. దుకాణం సంగతులు, ఇంట్లో అందరి సంగతులు అడిగాడు. నేను చెబుతుంటే నా మొహమే చూస్తూ విన్నాడు. కొత్త ఆల్బమ్ మాట ఎత్తాను. పాతవి చాలు, ఈ వయసులో కొత్తవి ఎందుకు అని నవ్వి, పేపరు చేతిలోకి తీసుకున్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. అది ఆయన మాట కాదు.

అప్పుడు నేను చేసిన పని గురించి ఇప్పటికీ కొంచెం సిగ్గుపడతాను. వదిన చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. అన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఫోన్ తీసి మా మధ్య ఉన్న టీపాయ్ మీద పెట్టి, కొత్త ఆల్బమ్‌లో మూడో పాట పెట్టాను. చిన్నగా ఏం కాదు, గదంతా వినపడేలాగే. ఆ గొంతు చెవిన పడితే ఎంత పంతం పట్టినవాడైనా తల ఎత్తుతాడు, అప్పుడు ఆ మొహంలో ఏముందో చూద్దామని నా ఆశ.

ఆయన తల ఎత్తలేదు. పేజీ తిప్పాడు. పాట ఒక చరణం దాటింది. టీపాయ్ మీద ఆనించిన చేతిని కదిపి, పేపరు దించి, గోడ వైపు చూశాడు.

"పక్కింట్ల పిండి గిర్నీ పెట్టిన్రా ఏంది? దడదడ అంటాంది" అన్నాడు.

చాయ్ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన వదిన ఆగిపోయింది. నా వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది. నేను గబుక్కున ఫోన్ ఎత్తి ఆపేశాను. దడదడ ఆగడంతో అన్నకు అర్థమైంది. వదిన గ్లాసులు పెట్టి, ఇక నువ్వే చెప్పు అని ఆయనతో అని, లోపలికి పోయింది.

ఆయన కాసేపు పేపరు మడతపెడుతూ కూర్చున్నాడు. నేను తప్పయిందని చెప్పాను. దానికి తల ఊపి, తర్వాత మెల్లగా చెప్పాడు.

"ఇన అని రాసిన గని, మీ అందరికంటె ముందు నేనే పెట్టుకున్న చెల్లె. పది పాటలు ఇన్న. దడదడ తప్ప ఒక్కటి ఇనవడలే."

మరి పాతవి ఎలా వింటున్నావని అడిగాను.

"అవి నాకు ఇనవడ్తయని ఎవలన్నరు? అవి యాదికున్నయి. గిటారు యాడ లేస్తదో ఎరుకే, గందుకే ఇనవడ్డట్టు అయితది. కొత్తదానికి నా దగ్గర ఏం లేదు గద."

తర్వాత మిగిలింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నౌకరిలో ఉన్నన్నాళ్లూ పరీక్షల్లో చెవులు బాగానే ఉన్నాయి. రిటైరయ్యాక పిచ్చుకలు పోయాయి. అంటే, ఈ మధ్య పిచ్చుకలు కనపడుతున్నాయి గానీ అరవడం లేదేమని ఒకరోజు వదినను అడిగాడట. అవి అరుస్తూనే ఉన్నాయని ఆమె చెప్పింది. తర్వాత ఫోన్లో మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టుకుంటాడు, ఫోన్లో ఉత్త గొణుగుడే. ముప్పై ఏళ్ల ఇంజన్ మోత, హారన్ మోత చెవులను ఊరికే వదులుతాయా అనుకుని వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు. దవాఖానకు పోదామని వదిన ఎన్నిసార్లన్నా వాయిదా వేశాడు. గ్రూపులో కూడా చెప్పవద్దన్నాడు. చెబితే ఇక ఎవరూ తనతో పాటల గురించి పోట్లాడరు, పాపం అని ఊరుకుంటారు అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

ఆ సాయంత్రం ఆటోలో వస్తూ నేను జాలిపడ్డానని చెప్పాలనుంది గానీ, నిజానికి నా బుర్ర వేరే చోట తిరుగుతోంది. పాత పాట చెవికి సరిగా అందకుండానే ఆయన దాన్ని వింటున్నాడు. చెవిలో సగం పోయినా తల ఆ సగాన్ని నింపుతోంది. అలాంటప్పుడు కొత్త పాటకు కూడా ముందే ఆ సగం అందిస్తే? మాటలు ముందే చదివి ఉంటే? ఎక్కడ ఏమొస్తుందో ఎవరైనా చూపిస్తే?

ఆ వారం దుకాణంలో తీరిక దొరికినప్పుడల్లా పది పాటల మాటలూ నెట్‌లో వెతికి, ఒక పొడుగు నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాశాను. ఇంగ్లిష్ మాటలే, కానీ కష్టమైనవాటికి కింద తెలుగు అర్థం పెట్టాను. డ్రమ్ములు ఒక్కటే ఉన్న చోట గీత, గిటారు వచ్చే చోట చుక్క. గిరాకీకి వచ్చిన ఒకామె అది చూసి పిల్లల చదువా అని అడిగింది. అవునన్నాను.

తర్వాతి ఆదివారం నోటుబుక్కు పట్టుకుని పోయాను. అన్న మొదట మొహమాటపడ్డాడు. తర్వాత మూడు రోజులు సమయం ఇమ్మన్నాడు. పాటలు చదువుకోవాలట. నాకు నవ్వొచ్చింది. పరీక్ష ముందు పిల్లాడిలా, మొత్తం చదివాకే వింటానని పట్టుబట్టాడు. బుధవారం మధ్యాహ్నం దుకాణం మా చెల్లెలికి అప్పజెప్పి మళ్లీ పోయాను.

ఆయన పెద్ద స్పీకరును కుర్చీ పక్కనే నేల మీద పెట్టుకున్నాడు. అరచేయి దాని చెక్క మీద ఆనించాడు. నేను నోటుబుక్కు తెరిచి, పాడుతున్న మాట కింద వేలు కదుపుతూ పోయాను. మొదటి పాట అలా గడిచింది. రెండోదీ గడిచింది. వదిన వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మూడో పాటలో రెండో చరణం మొదలయ్యేసరికి ఆయన చేయెత్తి ఆపమన్నాడు.

"ఈయన ఎందుకు ఆగుతాండు?"

ఎవరని అడిగాను. లావు తీగల గిటారు వాయించేవాడన్నాడు. నేను వినలేదన్నాను. మళ్లీ పెట్టమన్నాడు. వేలు నా చేతి మీద పెట్టి, స్పీకరులో వచ్చే ప్రతి దెబ్బకూ ఒక్కొక్కసారి తట్టాడు. పాడేవాడు లైను ఎత్తుకునే ముందు వేలు ఆగింది. అరక్షణం. మళ్లీ మొదలైంది. మళ్లీ లైను ఎత్తుకునే ముందు ఆగింది. ఆ పాటంతా అలాగే ఉంది. ఒక్క లైనూ తప్పలేదు. ఆ పాట అప్పటికి నేను పదిసార్లు విని ఉంటాను. ఒక్కసారీ పట్టుకోలేదు.

పాతవాటిల్లో ఇలా ఉండేదా అని అడిగాను. పాతవాటిల్లో ఆయన ఎక్కడా ఆగడు, కిందినుంచి తోసుకుంటూనే పోతాడు అన్నాడు. అనుమానం ఎందుకని రెండు పాత పాటలు పెట్టి చూశాం. నిజమే. మళ్లీ కొత్త పాటకు వచ్చాం. ఆగిన ప్రతి చోట ఏముందని నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఆ ఖాళీలో పాడేవాడు ఊపిరి తీసుకుంటున్నాడు. లోపలికి లాగే చప్పుడు సన్నగా ఉంది. ఆ సంగతి అన్నకు చెప్పాను. ఊపిరి చప్పుడు ఆయనకు వినపడదు. ఆగడం మాత్రం నాకు తెలియలేదు. ఇద్దరం కలిపి చూస్తే గానీ సంగతి పూర్తి కాలేదు.

"ముసలోనికి ఊపిరి అందుతలేదని, దోస్తు జాగ ఇస్తాండు" అన్నాడు అన్న.

గోడ దగ్గర నిలబడ్డ వదిన, ఆ మాత్రం పాటలో కూడా తెలుస్తుందా అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ పాటల గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదేనట. ఆయన ఆమె చేయి పట్టి స్పీకరు మీద పెట్టాడు. ఆమె కాసేపు ఉంచి, నాకు దడదడే ఉన్నది అని తీసేసింది.

ఆ సాయంత్రమే అన్న గ్రూపులో రాశాడు. మూడో పాట, ఐదో పాట, తొమ్మిదో పాట పేర్లు పెట్టి, కింది గిటారు ఎక్కడెక్కడ ఆగుతుందో చెప్పి, సారును చూడమన్నాడు. సారు చూశాడు. మర్నాడు పొద్దున ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. తన గిటారుతో ఆ పాటతో పాటు వాయించి చూశాడట. అలా ఆగడం వాయించేవాడికి చాలా కష్టమని, చేయి దానంతటదే ముందుకు పోతుందని, ప్రతిసారీ పట్టి ఆపాలంటే ఎదుటివాడి గొంతు మీదే ధ్యాస ఉండాలని చెప్పాడు. తాను గొంతులో ఏం పోయిందో మాత్రమే వెతికానని ఒప్పుకున్నాడు. అయినా గొంతు పోయిన మాట వాస్తవమే అని చివర్లో చేర్చాడు. కేసముద్రం తమ్ముడు గెలిచానని సంబరపడతాడనుకుంటే, అతను వేరే ఫిర్యాదు మొదలుపెట్టాడు. ఇప్పుడు తనకు ఆ ఆగడం తప్ప ఇంకేమీ వినపడటం లేదని, తొమ్మిదో పాటకు ఏడుపు రావడం ఆగిపోయిందని, అన్న తన పాట పాడు చేశాడని రాశాడు.

సారు ఒక మాట రాసి అడిగాడు. ఇంత సన్నటి సంగతి నీకెలా దొరికిందన్నా అని.

నేను ఫోన్ పట్టుకుని చూస్తూ ఉన్నాను. ఆయన ఏం రాస్తాడో నాకూ తెలియదు. పైన టైపింగ్ అని చాలాసేపు కనపడింది, పోయింది, మళ్లీ కనపడింది. చివరికి వచ్చింది చిన్నదే. తనకు పై స్వరాలు వినపడటం లేదని, కిందివి మాత్రమే మిగిలాయని, అందుకే దొరికిందని రాశాడు. పాటల మాటలు హన్మకొండ చెల్లె రాసిచ్చిందని కూడా రాశాడు.

ఒక గంట గ్రూపు ఖాళీగా ఉంది. ఆ గంటలో ఏం జరిగిందో నా స్నేహితురాలు తర్వాత చెప్పింది. ఆమె నేరుగా వదిన ఫోనుకు వీడియో కాల్ చేసిందట. సొంత చెల్లెలికి చెప్పకుండా గ్రూపులో రాస్తావా అని అన్న మీద కోప్పడింది, తర్వాత ఏడ్చింది. రెండేళ్లుగా తను ఫోన్ చేస్తే ఆయన రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. భూమి పంపకం విషయంలో తన మీద మనసు విరిగిందని ఆమె అనుకుంటూ వచ్చింది. ఆ మాట ఆమె పెదాలు చూసి పట్టుకున్న అన్న, అసలు అలాంటిదేమీ లేదని, ఆమె గొంతు సన్నది కాబట్టి అందరికంటే ముందు ఆమె గొంతే పోయిందని చెప్పాడట.

ఆ తర్వాత దవాఖాన విషయంలో ఆయన మాట చెల్లలేదు. ఆయన చెల్లెలు, నా స్నేహితురాలు, ఖమ్మం నుంచి వచ్చింది. అందరం కలిసి హన్మకొండలో చెవుల పరీక్ష చేసే చోటికి తీసుకుపోయాం. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవుల మీద హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడు బటన్ నొక్కమన్నారు. బయటి నుంచి నేను చూస్తున్నాను. మొదట్లో గబగబా నొక్కాడు. పోను పోను చేయి కదలలేదు. అటూ ఇటూ చూస్తూ, అయిపోయిందా అన్నట్టు కూర్చున్నాడు. కానీ లోపల చప్పుడు వస్తూనే ఉందని పరీక్ష చేసే అమ్మాయి చెప్పింది. కాగితం మీద గీసిన గీత ఎడమవైపు పైనే ఉండి, మధ్యలోకి రాగానే మెట్లు దిగినట్టు కిందికి పోయింది. అన్న ఆ కాగితం తీసుకుని గీత దిగిపోయే చోట వేలు పెట్టి, ఇక్కడ గిటారు, ఇక్కడ పిచ్చుకలు, ఇక్కడ మా చెల్లె అని చూపించాడు.

వినికిడి మిషన్లు వచ్చి చెవిలో పెట్టిన రోజు ఆయనకు మొదట వినపడ్డది తన చెప్పుల చప్పుడే. తర్వాత వదిన గాజులు. అవి ఇంత మోగుతాయా అని అడిగాడు. దారిలో ఆటోవాడు చిల్లర లెక్కపెడుతుంటే చెవులు మూసుకున్నాడు. ఇంటికి పోగానే పెట్టింది మాత్రం మా అందరికీ తెలిసిందే. పది పాటలు, వరసగా. మేం ముగ్గురం ఆయన మొహం వైపే చూస్తూ కూర్చున్నాం. చెల్లెలైతే రుమాలు చేతిలో సిద్ధంగా పెట్టుకుంది.

ఆయనకు నచ్చలేదు. డ్రమ్ముల పక్కన కొట్టే తాళాలు స్టీలు పళ్లెం కింద పడ్డట్టున్నాయన్నాడు. గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుందన్నాడు. గిటారు గీరుతోందన్నాడు. ఐదో పాట మధ్యలో మిషన్లు తీసి టీపాయ్ మీద పెట్టి, అరచేయి స్పీకరు మీద ఆనించి మిగతా పాట విన్నాడు. నేను కొంచెం నిరాశపడ్డాను. చెల్లెలు నిజంగానే కోప్పడింది. తలకు ఆ చప్పుళ్లు అలవాటు కావడానికి నెలలు పడతాయని, సంగీతానికి వేరే సెట్టింగు ఉంటుందని, మళ్లీ తీసుకురమ్మని పరీక్ష చేసిన అమ్మాయి ముందే చెప్పింది. మళ్లీ పోయాం. ఇంకోసారి కూడా పోయాం.

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. అన్న ఇప్పుడు ఫోన్ ఎత్తుతున్నాడు. మొన్న దుకాణంలో ఉండగా ఆయనే చేశాడు. మిషన్ పెట్టుకుని మొత్తం ఆల్బమ్ చివరిదాకా విన్నాడట. పదింటిలో రెండు పాటలు మంచివి, నాలుగు పరవాలేదు, నాలుగు ఎందుకు చేశారో వాళ్లకే తెలియాలి అని లెక్క చెప్పాడు. ఆ రెండూ ఏవని అడిగాను. మూడోది ఉంటుందనుకున్నాను. లేదు. ఏడోది, పదోది అన్నాడు. ఏడో పాటను నేను మొదటి వారం తర్వాత దాటేస్తూ వచ్చాను. అందులో ఏముందని అడిగితే, నువ్వే ఇను చెల్లె, నేను చెప్తే పాడైతది అన్నాడు.

ఎదురుగా ఒకామె వంకాయ రంగు చీర పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు మూడు జాకెట్ ముక్కలు తీసి వెలుతురులో చూసుకొమ్మని బయటికి పంపి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏడో పాట విన్నాను. నాకు అందులో ఏమీ కనపడలేదు. ఆమె ముక్క ఎంచుకుని పోయాక రెండో చెవిలో కూడా పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.